మోత ఎక్కువ, ఖర్చు తక్కువ

సూరత్ శివార్లలోని ఇరుకు ఇళ్లలో సొంతంగా కూర్చుకున్న సౌండు సెట్టు ఒక అవసరం, ఒక దర్జా. పెట్టెమీద రాసిన వాట్లకూ చెవికి చేరే శబ్దానికీ పొంతన ఎందుకుండదు? మగ్గాల హోరుకు మొద్దుబారిన చెవికి నిజంగా కావలసిందేమిటి?

జనవరి 14న సూరత్‌లో వీధులు ఖాళీ అవుతాయి, డాబాలు నిండుతాయి. ఉత్తరాయణ్ నాడు గాలిపటాలతోపాటు డాబా ఎక్కేది సౌండు సెట్టు. స్పీకరు పెట్టెలను మెట్లమీదుగా మోసుకొచ్చి పిట్టగోడ పక్కన నిలబెట్టడం, కింది ఇంట్లోంచి కరెంటు వైరు లాగడం, పొద్దుటి నుంచి చీకటి పడేదాకా పాటలు మోగించడం ఇక్కడి పండగలో భాగం. ఏ డాబా మోత పక్క డాబాను మింగేస్తే ఆ రోజుకు పైచేయి దానిదే. డబ్బున్నవారు అద్దెకు తెచ్చుకుంటారు. తాపీ నదికి ఉత్తరాన ఉన్న కోసాడ్ లాంటి శివార్లలో ఆ అద్దె భరించలేని కుర్రాళ్లకు ఇంట్లో ఉన్న సెట్టే దిక్కు. పేరున్న కంపెనీ సరుకు కొనే స్తోమత లేక, విడిభాగాలు తెచ్చి కూర్చుకున్న సెట్టు అది.

ముంబయి-అహ్మదాబాద్ రైలు మార్గంలో సూరత్ దాటాక ఉత్రాణ్, ఆ తర్వాతి స్టేషన్ కోసాడ్. 2006లో సూరత్ నగరపాలక సంస్థ విస్తీర్ణం 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. అదే ఏడాది ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి నగరంలో అధిక భాగాన్ని ముంచెత్తింది. కేంద్రం 2005 డిసెంబరులో ప్రారంభించిన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం కింద నగరపాలక సంస్థ కోసాడ్‌లో పేదల కోసం వేలాది ఇళ్లు కట్టింది. నది ఒడ్డు మురికివాడల నుంచి తరలించిన కుటుంబాలెన్నో అక్కడికే చేరాయి. ఆ పథకం మార్గదర్శకాల ప్రకారం ఇంటికి ఉండాల్సిన కనీస విస్తీర్ణం 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 270 చదరపు అడుగులు. పడక, వంట, పిల్లల చదువు, టీవీ, పాటలు అన్నీ ఆ కొలతలోనే సర్దుకోవాలి. తక్కువ డబ్బుతో పెద్ద శబ్దం ఎలా రాబట్టాలన్న ప్రశ్న ఇలాంటి ఇంట్లో వేసుకుంటే దానికి వచ్చే జవాబు, బజారు చెప్పే జవాబుకు దాదాపు తలకిందులుగా ఉంటుంది.

సూరత్‌కు శబ్దం కొత్త కాదు. ఇది మరమగ్గాల నగరం. కోసాడ్ పక్కనే ఉన్న అమ్రోలీ మొదలు వేడ్ రోడ్, కతార్‌గామ్, ఉధనా దాకా మగ్గాల షెడ్లే. సిరిసిల్లలో 'సాంచా' అని పిలిచే ఆ యంత్రం చప్పుడు తెలుగువారి చెవులకూ బాగా పరిచయమే. కరీంనగర్, నల్గొండ, వరంగల్, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి నేత కుటుంబాలు దశాబ్దాలుగా షోలాపూర్, భివండీ, సూరత్‌లకు వలస పోయాయి. సూరత్‌లో లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో స్థిరపడ్డవారి సంఖ్య ఎంతంటే, నగరపాలక సంస్థ నడిపిన బడుల్లో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతోపాటు తెలుగు మాధ్యమానికీ చోటు దొరికింది. పన్నెండు గంటల పాళీ ముగించి ఇంటికి వచ్చిన నేత కార్మికుడు టీవీ పెడితే దాని మోత మూడిళ్ల అవతలికి వినిపించడం ఈ వాడల్లో మామూలు. అది గొప్ప కోసం కాకపోవచ్చు, వినపడక కావచ్చు.

వాట్ల మాయ

సౌండు సెట్టు కొనబోయేవాడిని ముందుగా పలకరించేది పెట్టెమీది అంకె. 'పీఎంపీఓ' అన్న నాలుగక్షరాల పక్కన వేల వాట్లు రాసి ఉంటాయి. 'పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్' అనే ఈ మాటకు అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతంటూ లేదు. రెప్పపాటులో వెయ్యో వంతు సేపు సెట్టు ఎంత శక్తి చిమ్మగలదో ఊహించి, దాన్ని స్పీకర్ల సంఖ్యతో హెచ్చవేసి రాసినా అడిగేవారు లేరు. అసలు సంగతి చెప్పే అంకె సెట్టు వెనక పలకమీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది కరెంటు వాడకం. గోడలోంచి 40 వాట్లు మాత్రమే తీసుకునే సెట్టు ఎడతెగకుండా 2,000 వాట్లు ఇవ్వడం ఏ శాస్త్రం ప్రకారమూ సాధ్యం కాదు. ఇచ్చేది 40 లోపే.

ఈ మాయ మనదేశానికే పరిమితం కాదు. అమెరికాలో కంపెనీల వాట్ల పోటీ శ్రుతి మించడంతో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే, ఇంటి యాంప్లిఫయర్ల శక్తిని ఎలా కొలిచి ప్రకటించాలో చెబుతూ నియమం పెట్టింది. దాన్ని 2024లో మళ్లీ సవరించాల్సి వచ్చింది. మన బజారులో కొనుగోలుదారుకు మిగిలిన రక్షణ ఒక్కటే: 'ఆర్ఎంఎస్' అని రాసిన అంకెను మాత్రమే చూడటం, దాన్ని వెనక పలకమీది కరెంటు వాడకంతో పోల్చుకోవడం.

అంకె నిజమైనదే అయినా అది చెప్పేది తక్కువ. మనిషి చెవి శబ్దాన్ని కూడికల్లో కాక హెచ్చవేతల్లో కొలుస్తుంది. యాంప్లిఫయర్ శక్తి రెట్టింపైతే పెరిగే శబ్దం 3 డెసిబెళ్లే. 20 వాట్ల సెట్టు అమ్మి 40 వాట్లది కొన్నవాడికి కలిగే తేడా 'కాస్త పెరిగినట్టుంది' అనుకునేంత మాత్రమే. చెవికి మోత రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్లు పెరగాలి. అందుకు పది రెట్ల శక్తి కావాలి. అంటే వాట్లు కొని మోత పెంచుకోవడం డబ్బున్నవాడి దారి. లేనివాడు వేరే దారి వెతుక్కోవాలి.

స్పీకరే ముఖ్యం

ఆ దారి స్పీకరు దగ్గర మొదలవుతుంది. ఒక వాటు శక్తి ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే స్పీకరు ఎన్ని డెసిబెళ్ల శబ్దం చేస్తుందో దాన్ని 'సెన్సిటివిటీ' అంటారు. అందమైన చిన్న పెట్టెల్లో వచ్చే బుల్లి స్పీకర్లకు ఇది 84 దగ్గర ఉండొచ్చు. పెద్ద కాగితపు కోను, తేలికైన కాయిల్ ఉన్న స్పీకర్లకు 93 దాకా ఉంటుంది. తేడా 9 డెసిబెళ్లు. లెక్క ప్రకారం ఇది ఎనిమిది రెట్ల శక్తికి సమానం. మొదటి స్పీకరు 80 వాట్లు తాగి చేసే మోతను రెండోది 10 వాట్లతో చేస్తుంది. పైగా బుల్లి స్పీకరు 80 వాట్లు ఇస్తే తట్టుకుంటుందన్న నమ్మకమూ లేదు.

చేతిలో ఉన్నది మూడు వేల రూపాయలే అనుకుంటే, అందులో సగం స్పీకర్లకే కేటాయించడం తెలివైన పని. చాలామంది దీనికి విరుద్ధంగా చేస్తారు. లైట్లు, రిమోటు, బ్లూటూత్ ఉన్న యాంప్లిఫయర్‌కు డబ్బంతా పోసి, మిగిలిన చిల్లరతో స్పీకర్లు తెస్తారు. ఢిల్లీలో లజ్‌పత్ రాయ్ మార్కెట్, ముంబయిలో లామింగ్టన్ రోడ్, హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ లాంటి చోట్ల విడి స్పీకర్లు రాశులుగా దొరుకుతాయి. కొత్తవి కొనలేకపోతే పాతవి ఉన్నాయి. మూలపడ్డ పాత టేప్‌రికార్డర్ డెక్కుల స్పీకర్లు, కార్లలోంచి పీకేసిన కోడిగుడ్డు ఆకారపు స్పీకర్లు ఇంటి పెట్టెల్లో చక్కగా ఇమిడిపోతాయి.

పాత స్పీకరు కొనేముందు చేయాల్సిన పరీక్షలకు పైసా ఖర్చు లేదు. కోనును రెండు చేతుల వేళ్లతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కాలి. గరగరమని రాపిడి వినిపిస్తే లోపలి కాయిల్ కాలిందనో, పక్కకు జరిగిందనో అర్థం. టార్చిలైటు సెల్లును వైర్లకు ఒక్క క్షణం తాకిస్తే 'టప్'మనాలి. అంచున ఉండే ఫోము రింగును వేలితో తాకితే పొడి రాలకూడదు. గుడ్డ అంచు, కాగితపు అంచు ఫోము కంటే ఎక్కువకాలం మన్నుతాయి. మల్టీమీటరు ఉంటే 8 ఓమ్‌ల స్పీకరు 6 లేదా 7 చూపాలి, 4 ఓమ్‌లది మూడుకు కాస్త పైన చూపాలి. రెండు 8 ఓమ్‌ల స్పీకర్లను పక్కపక్కన కలిపితే యాంప్లిఫయర్‌కు అది 4 ఓమ్‌లుగా కనిపిస్తుందన్నది గుర్తుంచుకోవాలి. మోత పెరుగుతుందని నాలుగు స్పీకర్లను ఇలా తగిలిస్తూ పోతే ముందు కాలిపోయేది యాంప్లిఫయరే.

బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్

స్పీకరు కుదిరాక యాంప్లిఫయర్ పని తేలిక. మనదేశంలో అసెంబ్లింగ్ మెకానిక్కుల చేతుల్లో ఏళ్ల తరబడి నలిగిన చిప్పులు కొన్ని ఉన్నాయి. కారు బ్యాటరీ మీద కూడా నడిచే ఎల్ఏ 4440 ఒక్కో వైపు 6 వాట్లు ఇస్తుంది. టీడీఏ 2030 ఇచ్చేది 14 వాట్ల దాకా. ఈ అంకెలు చూసి నవ్వేవాళ్లు, ఒకప్పుడు వీధి చివరి టీకొట్టును హోరెత్తించిన టేపురికార్డరు నిజమైన శక్తి ఇంతకంటే ఎక్కువ లేదని తెలిస్తే ఆశ్చర్యపోతారు.

ఈ పాత తరం చిప్పులు తీసుకున్న కరెంటులో సగానికి దగ్గరగా వేడి రూపంలో పోగొట్టుకుంటాయి. అందుకే వీటికి బరువైన ట్రాన్స్‌ఫార్మరు, అల్యూమినియం హీట్ సింకు తప్పనిసరి. కొత్త తరం 'క్లాస్ డి' చిప్పులు వేడిని బాగా తగ్గించాయి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ రూపొందించిన టీపీఏ 3116 వాటిలో ప్రసిద్ధమైంది. దానితో చేసిన అరచేతి సైజు బోర్డులు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతాయి. పాతబడ్డ లాప్‌టాప్ తాలూకు 19 వోల్టుల అడాప్టరుతో ఇది నడిచిపోతుంది. 8 ఓమ్‌ల స్పీకర్లయితే ఒక్కో వైపు సుమారు 20 వాట్లు, అదీ నిజమైన వాట్లు వస్తాయి. బోర్డుమీద '50' అనో '100' అనో రాసి ఉన్నా 19 వోల్టులతో అంతకు మించి రాదు. శక్తి పుట్టేది చిప్పులో కాదు, కరెంటు సరఫరాలో. చిప్పు దాన్ని పాటకు తగ్గట్టు వంచుతుందంతే.

ట్రాన్స్‌ఫార్మరు వాడదలచినవారికి బజారులో ఎదురయ్యే పెద్ద మోసం తీగలో ఉంది. రాగికి బదులు అల్యూమినియం చుట్టినవి చవకగా దొరుకుతాయి, తొందరగా వేడెక్కుతాయి. రాసిన ఆంపియర్లు ఇవ్వలేక పాటలో తబలా దెబ్బ పడ్డప్పుడల్లా లైటు మినుకుమన్నట్టు శబ్దం కుంగుతుంది. రెండో మోసం నకిలీ చిప్పులు. పేరున్న నంబరు ముద్రించిన నాసిరకం చిప్పు, చెప్పిన వోల్టులు ఇవ్వగానే పగిలిపోతుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. గోడలోంచి వచ్చేది 230 వోల్టులు. ఫ్యూజు లేకుండా, ఎర్తింగు లేకుండా అట్టపెట్టెలో బిగించిన ట్రాన్స్‌ఫార్మరు, బట్టలు, పరుపులు, వంటగ్యాసు అన్నీ ఒకేచోట ఉండే 270 అడుగుల ఇంట్లో ఏం చేయగలదో చెప్పనక్కరలేదు. కొత్తగా మొదలుపెట్టేవారికి అన్నివైపులా మూసి ఉన్న అడాప్టరే క్షేమం.

మోత గరిష్ఠానికి పెంచినప్పుడు పాట గీరుకుపోయినట్టు వినిపిస్తే యాంప్లిఫయర్ శక్తి అయిపోయిందని అర్థం. అప్పుడు బయటికొచ్చే వంకర శబ్దంలో పైశ్రుతుల శక్తి ఎక్కువ. అది నేరుగా ట్వీటరు మీద పడి దాన్ని కాల్చేస్తుంది. స్పీకర్లు చెడిపోవడానికి వాట్లు ఎక్కువ కావడమొక్కటే కారణం కాదు, చాలకపోవడమూ కారణమే. గీరుడు వినిపించిన చోటి నుంచి బొత్తాం కాస్త వెనక్కి తిప్పడమే దీనికి మందు.

పెట్టె పనితనం

విడి స్పీకరును చేతిలో పట్టుకుని మోగిస్తే పీలగా వినిపిస్తుంది. పెట్టెలో పెడితే గంభీరంగా మారుతుంది. కారణం సులువైనదే. కోను ముందుకు కదిలినప్పుడు వెనక గాలి పలచబడుతుంది. ముందు అల, వెనక అల కలిసి కింది శ్రుతుల్లో ఒకదాన్నొకటి తినేస్తాయి. పెట్టె వాటిని విడదీస్తుంది. పల్లెల్లో మట్టికుండ మూతి మీద స్పీకరు బోర్లించి పాటలు వినే అలవాటు వెనక ఉన్న శాస్త్రం ఇదే. కుండ గట్టిగా ఉంటుంది, అదరదు, గాలి కారదు. మంచి స్పీకరు పెట్టెకు కావలసిన గుణాలు కూడా ఈ మూడే.

ఆరు అంగుళాల స్పీకరుకు 10 నుంచి 15 లీటర్ల పెట్టె సరిపోతుంది. వడ్రంగి దుకాణంలో మిగిలిపోయిన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు అడిగితే తక్కువ ధరకే వస్తాయి. అతుకులన్నీ ఫెవికాల్‌తో మూసేయాలి. గాలి కారే సందు ఒక్కటున్నా బాస్ పోయి బుసబుస మిగులుతుంది. లోపల గోడలకు పలచగా పాలిస్టర్ దూది పరిస్తే పెట్టె 'బొంయ్'మనడం తగ్గుతుంది. ప్రపంచమంతా స్పీకరు పెట్టెల్లో వాడే సరుకే ఇది. పాలిస్టర్ వస్త్రాలకు పేరుపడ్డ సూరత్‌లో దానికి కొదవేముంది? అయితే ఈ దూది స్పీకరు పెట్టెలోనే ఉండాలి. వేడెక్కే బోర్డు పక్కన నిప్పుకు ఎదురుచూసే సరుకు అది.

డబ్బుతో పనిలేని మెరుగులు ఇంకా ఉన్నాయి. రెండు స్పీకర్లకూ ప్లస్సు, మైనస్సు ఒకే వరసలో తగిలించాలి. ఒకటి తిరగబడితే బాస్ మాయమవుతుంది. 'ఈ సెట్టులో పస లేదు' అని అమ్ముకున్న సెట్లలో అసలు లోపం ఒక్క తిరగబడ్డ వైరే కావడం అరుదేమీ కాదు. పెట్టెను గోడకు దగ్గరగా జరిపితే బాస్ పెరుగుతుంది, గది మూలకు జరిపితే ఇంకా పెరుగుతుంది. ట్వీటరు కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఉంటే మాట స్పష్టంగా వినిపిస్తుంది.

ఇప్పుడు లెక్క కట్టి చూడొచ్చు. 93 డెసిబెళ్ల స్పీకర్లు రెండు, ఒక్కోదానికి 10 వాట్లు, వినే మనిషి రెండు మీటర్ల దూరంలో. దూరానికి 6 తీసేసి, రెండో స్పీకరుకు 3 కలిపితే సుమారు 100 డెసిబెళ్లు. షటిల్ మగ్గాల షెడ్డులో ఉండే మోత 90 నుంచి 100 డెసిబెళ్లు. అంటే మూడు వేల రూపాయలతో, పాత అడాప్టరుతో, మిగిలిపోయిన ప్లైవుడ్‌తో మగ్గాల షెడ్డును ఇంట్లోకి తెచ్చుకోవచ్చన్నమాట. తక్కువ ఖర్చుతో పెద్ద శబ్దం సాధ్యమా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

గోడ అవతల

ఒకే ఇటుక మందాన కట్టి, రెండువైపులా పూత పూసిన గోడ మాటల శ్రుతుల్లో సుమారు 40 నుంచి 45 డెసిబెళ్ల శబ్దాన్ని ఆపుతుంది. ఇటు 100 మోగితే అటు 55 నుంచి 60 చేరుతుంది. పక్కింట్లో ఎవరో గట్టిగా మాట్లాడుతున్నట్టు ఉంటుంది. బాస్ విషయంలో గోడ ఇంకా బలహీనం. పాట వినపడకపోయినా 'దబ్ దబ్' మాత్రం గోడ దాటి, శ్లాబు దాటి పై ఇంటికీ కింది ఇంటికీ చేరుతుంది. మూలన పెట్టి పెంచుకున్న బాస్ పక్కింటికి కూడా పెంచినట్టే.

చట్టం దీని గురించి స్పష్టంగానే మాట్లాడుతుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటిపూట పరిమితి 55 డెసిబెళ్లు, రాత్రి 45. పగలు అంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. సొంత సౌండు సెట్టు మోత ఇంటి సరిహద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెళ్లకు మించి దాటకూడదు. రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ల మోతపై సుప్రీంకోర్టు 2005 జూలై 18న ఇచ్చిన తీర్పు అందరికీ తెలిసిందే.

అయితే ఈ నియమాలు పగలు పనిచేసి రాత్రి నిద్రపోయే ఊరిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. సూరత్ మగ్గాలకు పగలూ రాత్రీ తేడా లేదు. పన్నెండు గంటల చొప్పున రెండు పాళీలు. రాత్రి పాళీ చేసి ఉదయం ఇంటికి చేరినవాడికి మధ్యాహ్నమే అర్ధరాత్రి. పక్కింట్లో పగటి సెలవు దొరికినవాడు మధ్యాహ్నం పన్నెండింటికి సెట్టు పెడితే చట్టం దృష్టిలో అది పట్టపగలు. గోడ అవతలివాడికి మాత్రం నిద్ర పోయినట్టే. నిద్ర చాలని మనిషి మళ్లీ కదిలే మగ్గాల మధ్యకే వెళ్లాలి. ఈ తగవును పోలీసులు తీర్చలేరు. ఎవరి పాళీ ఎప్పుడో తెలిసిన ఇరుగుపొరుగే తీర్చుకోవాలి. సెట్టును ఉమ్మడి గోడ నుంచి దూరంగా జరపడం, పెట్టెల కింద రబ్బరు ముక్కలు పెట్టడం, బాస్ బొత్తాం తగ్గించడం కొంతవరకు మేలు చేస్తాయి.

చెవి లెక్క

ఇంతకంటే పెద్ద లెక్క చెవిలోనే ఉంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ప్రకారం 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ సమయం సగానికి తగ్గాలి. ఆ లెక్కన 94 అయితే ఒక గంట, 100 అయితే పావుగంట. భారత కార్ఖానాలకు పెట్టిన హద్దు ఇంకాస్త సడలింపుగా 8 గంటలకు 90. ఏ లెక్కన చూసినా పన్నెండు గంటల పాళీ చేసే నేత కార్మికుడి ఆ రోజు వాటా షెడ్డులోనే అయిపోతుంది. ఇంటికొచ్చి పెట్టే పాట అప్పు చేసి తినడం లాంటిది.

శబ్దం వల్ల వచ్చే చెవుడుకు ఒక గుణముంది. అది ముందుగా పైశ్రుతులను, 4,000 హెర్ట్‌జ్ చుట్టుపక్కల ఉన్నవాటిని తినేస్తుంది. భాషలో అచ్చుల బలం కింది శ్రుతుల్లో ఉంటుంది. స, శ, త, క, ప లాంటి హల్లుల తేడాలు పైన ఉంటాయి. అవి పోతే 'పాలు', 'కాలు', 'చాలు' ఒకేలా వినిపిస్తాయి. మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది, ఏమంటున్నాడో తెలియదు. అప్పుడు చేయి వాల్యూమ్ మీదికి పోతుంది. కానీ వాల్యూమ్ పెంచితే అన్నీ పెరుగుతాయి. అప్పటికే బాగా వినిపిస్తున్న బాస్ ఇంకా పెరిగి, అసలే బలహీనమైన హల్లులను మరింత కప్పేస్తుంది. పక్కింటివారు గోడ కొడతారు, ఇంట్లోవాడికి మాట మాత్రం అర్థం కాదు.

కాబట్టి మగ్గం మనిషి ఇంటికి సెట్టు కూర్చేటప్పుడు బాస్ వెంట పడటం డబ్బు వృథా. పెద్ద వూఫరు మానేసి మధ్య శ్రుతులు శుభ్రంగా పలికే స్పీకరు, ఒక మామూలు ట్వీటరు, బాస్‌ను తగ్గించి ట్రెబుల్‌ను పెంచుకునే బొత్తాలున్న బోర్డు చాలు. పెట్టెను మూలలోంచి ఇవతలికి తెచ్చి వినే మనిషికి మీటరు దూరంలో పెడితే, రెండు మీటర్ల దూరంతో పోలిస్తే 6 డెసిబెళ్ల దాకా ఉచితంగా కలిసొస్తాయి. యాంప్లిఫయర్ శక్తిని నాలుగు రెట్లు పెంచితే వచ్చే లాభం అది. అప్పుడు మాట వినిపిస్తుంది, గోడకూ పని తగ్గుతుంది.

పోయిన వినికిడి మాత్రం తిరిగి రాదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు ఒకసారి చనిపోతే మనిషిలో మళ్లీ పుట్టవు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం శబ్దంతో వచ్చే చెవుడును తప్పక నివేదించాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. కాగితం మీద హక్కు ఉంది. కానీ మీటర్ల లెక్కన కూలీ తీసుకుంటూ, నియామక పత్రం గానీ గుర్తింపు కార్డు గానీ లేకుండా ఒక షెడ్డు నుంచి మరో షెడ్డుకు మారే కార్మికుడు తన చెవి ఏ యజమాని దగ్గర పోయిందని రుజువు చేయగలడు? నలభై దాటేసరికి వినికిడి మందగించడం వయసు ఖాతాలో పడిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2019లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దలు వారానికి 80 డెసిబెళ్ల చొప్పున 40 గంటల దాకా పాటలు వినొచ్చు. పైన లెక్క కట్టిన సెట్టులో 80 డెసిబెళ్లకు కావలసింది వాటులో పదో వంతు. మిగతా వాట్లన్నీ సంవత్సరానికోసారి డాబా ఎక్కడానికే. మొబైల్ ఫోనులో డెసిబెళ్లు చూపే ఉచిత యాప్‌లు ఉన్నాయి. కచ్చితమైన కొలత కాకపోయినా, ఇంట్లో మోత 80 దగ్గర ఉందా, 100 దగ్గర ఉందా అన్నది తేల్చడానికి చాలు.

కాగితం మీద సామాను జాబితా రాసుకునేటప్పుడు స్పీకర్లు, ప్లైవుడ్, బోర్డు, అడాప్టరు, వైర్లు, ఫ్యూజు తర్వాత చివరన ఇంకొక్కటి చేర్చుకోవాలి. మందుల దుకాణంలో కొన్ని పదుల రూపాయలకు దొరికే ఫోము చెవి బిరడాల జత. సరిగ్గా పెట్టుకుంటే షెడ్డులోని హోరును 15 డెసిబెళ్లో అంతకంటే ఎక్కువో తగ్గిస్తాయి. వాటిని వాడాల్సింది ఇంట్లో పాట పెట్టినప్పుడు కాదు, పొద్దున మగ్గం దగ్గరికి వెళ్లేటప్పుడు. జాబితాలో అన్నిటికంటే చవకైన వస్తువు అదే. అది లేకపోతే పదేళ్ల తర్వాత ఎంత పెద్ద సెట్టు కొన్నా చాలదు.